మా అత్తకు ఇంకో కోడలు

నాకు ఎవరి మీదైనా కుళ్ళు పుడితే ముక్కుపుటాలు ఎగురుతాయని మా అమ్మ అంటుంది. ఎమ్మే చదివిన రెండేళ్ళూ నా ముక్కు కుదురుగా ఉన్న రోజు లేదు. కారణం ఒక్కతే, నాతోపాటు అదే గైడ్ దగ్గర చేరిన అమ్మాయి.

మాది నరసరావుపేట. భాషాశాస్త్రం చదవడానికి హైదరాబాదులో ఒక యూనివర్సిటీకి వెళ్ళాను. అది మామూలు ఎమ్మే కాదు, రీసెర్చ్ ఎమ్మే. మొదటి ఏడాది కాసిని క్లాసులు ఉంటాయి. ఆ తర్వాతంతా మన పని మనమే వెతుక్కోవాలి. ఊళ్ళకి వెళ్ళి మనుషుల మాటలు రికార్డు చేసుకురావాలి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి, అందులో ఏముందో తేల్చి థీసిస్ ఇవ్వాలి. ఇదంతా విని మా బాబాయి, "మాటలు రికార్డు చెయ్యటానికి ఎమ్మే ఎందుకే, ఫోన్లో ఎర్రది నొక్కితే సరిపాయె గదా" అన్నాడు.

ఆ అమ్మాయిది హైదరాబాదే. అపార్టుమెంట్లలో పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది గానీ మధ్యలో మాట దొరక్కపోతే ఇంగ్లీషు పెట్టేసి నవ్వుతుంది. ఆ నవ్వంటే అందరికీ ఇష్టం, నాకు తప్ప. మొదటి వారంలోనే క్లాసులో ఒక ప్రశ్న అడిగింది. "మనం రికార్డు చేస్తున్నామని తెలిశాక వాళ్ళు మాట్లాడేది వాళ్ళ మాటేనా మేడం?" మేడం చేతిలో ఉన్న పుస్తకం కింద పెట్టి కూర్చుంది. ఆ గంటంతా దాని మీదే చెప్పింది. ఆ ప్రశ్న నాకూ వచ్చింది. నిజంగానే వచ్చింది. అడిగితే తెలివితక్కువగా ఉంటుందేమోనని నోట్‌బుక్కులో రాసుకుని ఊరుకున్నాను.

మొదటి ఏడాది చివర మేడం మా ఇద్దరినీ గదిలోకి పిలిచింది. వచ్చే ఏడాది తన దగ్గర పీహెచ్‌డీకి ఒక్కటే సీటు ఉంటుందని, మా ఇద్దరి థీసిస్‌లు చూసి ఒకరిని తీసుకుంటానని చెప్పింది. సూటిగా మాట్లాడే మనిషి ఆవిడ. నేను ఆ సీటు నాదేననుకున్నాను. ఎందుకంటే నాకు ఊరుంది. వెల్దుర్తి పక్కన మా మేనత్త ఉంటుంది, ఆమె చుట్టూ ఊరంతా ఉంటుంది. మా వైపు చుట్టరికం లేని ఇరుగుపొరుగును కూడా వరసలు పెట్టి పిలుచుకుంటారు. ఎదురింటి ట్రాక్టరు మెకానిక్ ముస్లిం అయినా మా అత్తకు అన్న, ఆయన భార్య వదిన, వాళ్ళ కొడుకు అల్లుడు. ఎవరికి ఏ వరస ఎలా కుదిరింది, ఎవరు కుదిర్చారు అన్నది నా థీసిస్. ఇంత మంచి విషయం ఇంకెవరికి దొరుకుతుందని లోలోపల ఎగిరి గంతేశాను.

అప్పుడు మేడం ఆ అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు ఆడవాళ్ళు పనిలో ఉండి చెప్పుకునే కబుర్ల మీద చేస్తానన్నావు కదా, మిరపకాయల సీజన్లో ఈమెతో పల్నాడు వెళ్ళు" అంది. నా ఊరును ఈమెతో పంచుకోవాలా అనుకున్నాను. పైకి మాత్రం "తప్పకుండా మేడం, మా అత్త వాళ్ళింట్లో ఉండొచ్చు" అన్నాను. నన్ను ఎవరూ అడగకుండానే అన్నాను. మంచిదాన్ననిపించుకోవాలన్న యావ నాకు కుళ్ళుకన్నా ఎక్కువ.

రెండో ఏడాది, మొదటి కోత అయిన రోజుల్లో ఇద్దరం నరసరావుపేటలో బస్సెక్కి మాచర్ల వైపు వెళ్ళాం. దారిపొడుగునా చేలల్లో ఎర్రగా ఎండబోసిన కాయలు. ఆ అమ్మాయి కిటికీకి అతుక్కుపోయి చూసింది, గురజాల దాటకముందే తుమ్ములు మొదలుపెట్టింది. నాకు కొంచెం తృప్తి కలిగింది.

మా అత్త అయిదో తరగతి దాకా చదివింది. బస్సు బోర్డులు చదువుతుంది, సంతకం పెడుతుంది. మాట్లాడితే ఊరంతా వినపడుతుంది. మా నాన్నను ఇప్పటికీ "ఒరేయ్" అని పిలుస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను "ఏమే కోడలా" అనే పిలిచేది. ఆమెకు ఇద్దరూ మగపిల్లలే. ఆమెకు కోడలినన్నా కూతురినన్నా నేనొక్కదాన్నే, చిన్నప్పటి నుంచీ ఆ మాటలో నా చోటు నాకుంది.

మొదటి రోజు ఉదయం నేను రికార్డరు తీశాను. అత్త లోపలికి వెళ్ళి ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఎదురింటోళ్ళని నువ్వేమని పిలుస్తావత్తా?" అని అడిగాను. అత్త గొంతు సవరించుకుంది. "మా గ్రామమునందు ప్రజలందరూ అన్నదమ్ముల వలె కలసిమెలసి జీవించుచున్నారు" అంది.

"అట్టా గాదత్తా, మామూలుగా చెప్పు."

"ఇదే మామూలు. నువ్వు చదువుకున్నదానివి, నీ ముందర నేను మోటుగా మాట్టాడితే మీ మేడం ఏమనుకుంటది?"

మూడు రోజులు అదే వరస. ఊళ్ళో ఎవరి దగ్గరికి వెళ్ళినా అంతే. నన్ను చూడగానే ఒక్కొక్కరూ రేడియోలో వార్తలు చదివేవాళ్ళయిపోయారు. నేను నరసరావుపేటలో చదివి, హైదరాబాదులో పెద్ద చదువు చదివే పిల్లని. నా ముందు తప్పు మాట్లాడితే వాళ్ళ పరువు పోతుంది. నా ఊరే నాకు పనికిరాకుండా పోయింది.

ఆ అమ్మాయికి ఆ బాధ లేదు. ఆమె అత్త వెనక కల్లానికి వెళ్ళింది. కల్లమంటే కోసిన కాయలు ఎండబెట్టే చోటు. ఎర్రటి కాయల్లో రంగు పోయి తెల్లబడినవి కొన్ని ఉంటాయి, వాటిని తాలు కాయలంటారు. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని వాటిని ఏరి పక్కన పోస్తారు. చేతులకి పని ఉంటుంది గానీ నోటికి ఉండదు, అందుకని కబుర్లు సాగుతాయి. ఆ అమ్మాయి వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని మంచి కాయలన్నీ ఏరి తాలు కుప్పలో పోసింది. అందరూ పగలబడి నవ్వారు. అత్త ఆమె చెయ్యి పట్టుకుని, కాయను ఎండకు పట్టి చూపించి, ఎట్టా గుర్తుపట్టాలో నేర్పింది. నేర్పుతూ నేర్పుతూ మాట్లాడింది. మైకు తన పైటకు ఉన్న సంగతి అత్తకు గుర్తే లేదు.

"ఆంటీ, ఇది తాలేనా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఆంటీ ఏందే ఆంటీ. అత్తా అని పిలువు. ఏమే కోడలా, ఇది గాదు, అదిగో అది తియ్యి."

నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. నా థీసిస్సే అది. చుట్టరికం లేని మనిషికి వరస కుదరడం, దాన్ని కళ్ళెదురుగా చూడటం. మేడం అయితే ఎగిరి పట్టుకునేది. నేను మాత్రం నోట్‌బుక్కు తీయలేదు. ఆ రోజు సాయంత్రం అత్త నన్ను, "అమ్మాయ్, మంచినీళ్ళు తే" అంది. అమ్మాయ్ అట. కోడలు అక్కడ తాలు కాయలు ఏరుతోంది మరి.

ఇక్కడ కాగితాల సంగతి చెప్పాలి. ఎవరి మాటలు రికార్డు చేసినా వాళ్ళ చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకోవాలి. ఇది దేనికోసం, మీ మాటలు ఎక్కడ వాడతాం, థీసిస్ ఇచ్చేలోపు ఎప్పుడైనా వద్దనుకుంటే తీసేయమనవచ్చు, అని అందులో ఉంటుంది. అది చదివి వినిపించి మరీ సంతకం తీసుకోవాలని మేడం పదిసార్లు చెప్పింది. మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కాగితం తెచ్చింది సొంత మనిషయితే అందులో ఏముందని అడగరు. అడిగితే అనుమానించినట్టు. తెచ్చినవాళ్ళు చదివి వినిపించరు. వినిపిస్తే పరాయివాళ్ళను చూసినట్టు. పొలం కాగితాల నుంచి ఆసుపత్రి ఫారాల దాకా మా ఇళ్ళల్లో అలాగే నడిచింది. మొదటి రోజు నేను "ఇక్కడ పెట్టత్తా" అన్నాను, ఆమె పెట్టింది. అంతే.

ఆ అమ్మాయి అలా కాదు. పరాయిది కాబట్టి చదివింది. కల్లానికి వెళ్ళిన మొదటి రోజే, మైకు తీయకముందు, అక్కడ నిలబడి, యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన తెలుగు ఫారం మొదటి నుంచి చివరి దాకా చదివింది. "పరిశోధనా కార్యక్రమంలో స్వచ్ఛంద భాగస్వామ్యమునకు సమ్మతి" అని మొదలయ్యే ఆ తెలుగు నాకే సగం ఎక్కలేదు. ఆడవాళ్ళు పని ఆపి శ్రద్ధగా విన్నారు. విన్నదంతా అయ్యాక ఒకావిడ, "ఆధార్ జిరాక్సు గూడా పెట్టాలామ్మా?" అని అడిగింది. ఫారంలో వయసు అనే గడి ఉంది. ఆ అమ్మాయి దాని వైపు చూసి, "ఉంటే మంచిదే, వయసు కరెక్టుగా రాసుకోవచ్చు" అని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మా అత్త ఇంటి ముందు పాతికమంది దాకా ఆడవాళ్ళు. ప్రతి ఒక్కరి చేతిలో ఆధార్ జిరాక్సు. కొందరు రేషను కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ కూడా జిరాక్సు తీయించుకుని, పిన్ను కొట్టి తెచ్చారు. ఒక ముసలామె పాస్‌పోర్టు సైజు ఫొటో అంటించుకొచ్చింది. కల్లానికి రానివాళ్ళు కూడా ఉన్నారు.

నాకు చూడగానే తెలిసిపోయింది. మా వైపు ఎవరైనా చదువుకున్న మనిషి ఊళ్ళోకొచ్చి, కాగితం చదివి, సంతకం పెట్టమన్నారంటే అది ఏదో పథకానికి దరఖాస్తు అయి తీరాలి. అర్థం కాని తెలుగులో చదివితే గవర్నమెంటుది అయి తీరాలి. ఆధార్ అడిగితే ఇక తిరుగే లేదు. అక్కడ నిలబడ్డవాళ్ళు తమ కబుర్లు ఇవ్వడానికి రాలేదు. పేరు రాయించుకోవడానికి వచ్చారు.

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని, "మీ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళు కదా. ఇంతమంది వస్తారనుకోలేదు" అంది. ఒక్క మాట చాలు. వీళ్ళు పథకం అనుకుంటున్నారు, నిలబడి మామూలు మాటల్లో చెప్పు, లేకపోతే నేను చెప్తాను అంటే అయిపోయేది. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అత్త లోపల్నుంచి, "కోడలా, టీ తాగి రాయించుకో, చల్లారిపోతంది" అని కేకేసింది. ఆ కేక నాకు కాదు. నేను నోరు మూసుకుని పక్కకు తప్పుకున్నాను.

తర్వాత పది రోజులు ఆమె రికార్డరు పట్టుకుని ఎటు వెళ్ళినా వాళ్ళు ఉదారంగా మాట్లాడారు. నాకు చివరి రోజున అదృష్టం కలిసొచ్చింది. అత్త నన్ను వెంటబెట్టుకుని వెల్దుర్తి సంతకు నడిచింది, ఎండలో నడిచేటప్పుడు ఆమెకు పంతులమ్మ తెలుగు గుర్తు రాలేదు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు గంటలకు పైగా ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరితో తగాదాపడి ఏ వరస తెంచుకుందో, మళ్ళీ ఎందుకు కలుపుకుందో చెప్పింది. నా థీసిస్ మొత్తం ఆ రెండు గంటల్లో ఉంది. బస్సులో ఆ రికార్డరును గుండెకు హత్తుకుని కూర్చున్నాను.

హైదరాబాదు వచ్చాక ఇద్దరం ఒకే గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విన్నది రాసుకుంటూ కూర్చునేవాళ్ళం. ఒకరోజు ఆమె ఒక మాట అర్థం కాక నన్ను వినమంది. విన్నాను. అత్త గొంతు. తాను స్కూల్లో ఫస్టు వచ్చేదాన్నని, అయిదు పాసయ్యాక తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి లేక మాన్పించారని, మొదటి నెలంతా తమ్ముణ్ణి చంకనేసుకుని బడి కిటికీ దగ్గర నిలబడేదాన్నని చెబుతోంది. ఆ తమ్ముడు మా నాన్న. ఇరవై మూడేళ్ళలో ఆ సంగతి నాతో ఒక్కసారీ అనలేదు. తాలు కాయలు గుర్తుపట్టడం రాని పిల్లకు చెప్పింది. ఆమె అడిగిన మాటకు అర్థం చెప్పి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. ఆ రోజు ఆమెను చూస్తే ఒళ్ళంతా మండింది. ఆమె ఏం తప్పు చేసిందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అందుకే ఇంకా ఎక్కువ మండింది.

నెల తిరక్కముందే ఆమెకు ఊరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "ఏమైందమ్మా, మాది శాంక్షనయిందా?" అని అడుగుతున్నారు. ఆమెకు అర్థం కాలేదు. "ఏంటి శాంక్షన్ అయ్యేది?" అని నన్ను అడిగింది.

"ఊరోళ్ళు అట్టాగే అడుగుతుంటార్లే" అన్నాను.

అయిదో ఫోనుకో ఆరో ఫోనుకో ఆమే విడమర్చి అడిగి తెలుసుకుంది. తెలిసిన రోజు ఆమె భోజనం చేయలేదు. మర్నాడు మేడం దగ్గరికి వెళ్ళి, వాళ్ళు ఒప్పుకున్నది దీనికి కాదు, ఈ రికార్డింగులు నేను వాడలేను అని చెప్పింది. పదకొండు గంటల మాటలు. మేడం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఊరికి వెళ్ళి చెప్పిరా. మళ్ళీ ఒప్పుకుంటే వాడుకో, లేకపోతే లేదు" అంది.

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. సీటు నడుచుకుంటూ నా దగ్గరికి వస్తున్నట్టే అనిపించింది. మేడం నా వైపు తిరిగి, "నీ ఫారాలు సరిగానే ఉన్నాయి కదా?" అని అడిగింది.

"మా అత్తే కదా మేడం" అన్నాను.

ఆ అమ్మాయి ఒక్కతే వెళ్ళింది. ఆమె మా అత్త ఇంట్లో నేను లేకుండా ఉందన్న ఊహ నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. రెండు రోజులు ఆగి నేనూ బస్సెక్కాను. సాయం చేయడానికి వచ్చానని చెప్పాను. నిజానికి చూడటానికి వెళ్ళాను.

అప్పటికే ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఇది పథకం కాదు, నా చదువు కోసం, మీకేమీ రాదు, తెలియక తప్పు చేశాను అని గడప గడపకూ చెప్పింది, జిరాక్సులన్నీ వెనక్కి ఇచ్చింది. కొందరు బాగానే తిట్టారట. ఫొటో అంటించిన ముసలామె అయితే "ఆ ఫొటో అయినా ఇయ్యవే" అని గుంజుకుందట. నేను వెళ్ళేసరికి కల్లంలో ఆఖరి కోత కాయల ముందు పది మంది కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళ మధ్య కూర్చుని, ఫారం పక్కన పడేసి, తన మాటల్లో చెబుతోంది. "మీ కబుర్లు నేను రాసుకుంటాను. మీ పేర్లు రాయను. మా మేడం చదువుతుంది. ఇంకా ఎవరైనా చదవొచ్చు. వద్దు అనిపిస్తే జూన్ లోపల నాకు ఫోన్ చేసి తీసెయ్ అనండి, తీసేస్తాను. ఎందుకు అని అడగను."

అత్త చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తల తిప్పి నన్ను చూసింది.

"నా దగ్గర నువ్వు సంతకం బెట్టించుకున్నది గూడా ఇదేనా?"

"ఇదేనత్తా."

"ఉంటే చదువు."

ఫారం నకలు సంచిలోనే ఉంది. తీశాను. అందరి ముందూ చదివాను. ఆ గ్రాంథికపు ప్రభుత్వ తెలుగు నా నోట్లో ఇసకలా తగిలింది. మధ్యలో అత్త ఆపి, అంటే ఏందని అడిగింది, చెప్పాను. చివరిదాకా ఆమె ఆపుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.

"సంతకి పొయ్యేటప్పుడు నేను మాట్టాడిందంతా దీంట్లోకే పోద్దా?"

"అవునత్తా."

"ఎవరెవరితో పోట్లాడానో అదంతా?"

"పేర్లు రాయనత్తా."

"ఈ ఊళ్ళో పేర్లెందుకే, వరస చెబితే చాలదా, ఎవురో తెలవటానికి?" అంది. అది నా థీసిస్‌లో రెండో అధ్యాయం. నేను నూట యాభై పేజీల్లో చెప్పబోయేది ఆమె కాయ ఏరుతూ చెప్పేసింది. తర్వాత, "ఆ పొద్దు వీళ్ళందరూ జిరాక్సులు బట్టుకోని మనింటికొచ్చారు గదా. ఎందుకొచ్చారో ఈ పిల్లకి తెలవదు. నీకు తెలవదా?" అని అడిగింది.

కల్లంలో అందరి చేతులూ ఆగాయి. ఆ అమ్మాయి నా ముఖం వైపు చూసింది. ఆమెకు ఆ అనుమానమే రాలేదని ఆ చూపులో నాకు తెలిసింది. నేను తెలవదని అంటే అత్త తప్ప అందరూ నమ్మేవాళ్ళు.

"తెలుసు" అన్నాను.

అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది, ఆమె తిట్లు నాకు అలవాటే. చేతిలో కాయ కుప్పలో వేసి, "నా మాటలు తీసెయ్" అంది.

"అత్తా, దాని మీదే నా థీసిస్ అంతా ఉంది. సీటు పోతది నాకు."

"పోతే పోనియ్. నువ్వు కాబట్టి నేను చదవమనలా" అంది. ఆ పక్కకు తిరిగి, "కోడలా, నీ కాగితం ఇటియ్యి" అని ఆ అమ్మాయి ఫారం మీద సంతకం పెట్టింది. సంతకం పెట్టేటప్పుడు ఆమె నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. నిదానంగా పెట్టింది.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మాచర్ల వాళ్ళెవరో పెళ్ళికి వెళ్తూ బస్సంతా నింపేశారు, ఇంకో సీటు దొరకలేదు. ఆ అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. ఆ రెండు గంటల రికార్డింగు నా ల్యాప్‌టాపులో ఉంది. తీసేయకపోయినా అత్తకు తెలిసే దారి లేదు. ఆమె థీసిస్ చదవదు, మేడం ఊరికి వెళ్ళదు. నరసరావుపేట దాకా అదే ఆలోచించాను. ఆ అమ్మాయి అయితే ఏం చేస్తుందని ఆలోచించాను, దానికి జవాబు వెంటనే దొరికింది, అది దొరికినందుకు ఆమె మీద మళ్ళీ మండింది.

హైదరాబాదు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం, మా గదిలో, ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే తీసేశాను. రాసుకున్న కాగితాలు కూడా చింపేశాను. తర్వాత మేడం దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను, జిరాక్సుల సంగతితో సహా. మేడం చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. ఇంకో ఆరు నెలలు గడువు ఇప్పించింది. సీటు ఆ అమ్మాయికి ఇచ్చింది. ఇచ్చిన రోజు నేను వెళ్ళి కంగ్రాట్స్ చెప్పాను. నా ముక్కు ఎగిరే ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత అత్తకు ఫోన్ చేశాను. ఏమని మొదలుపెట్టాలో ముందే అనుకుని పెట్టుకున్నాను. తీసేశానత్తా అంటాను, ఆమె కాసేపు ఆగుతుంది, ఆ తర్వాత నన్ను కోడలా అంటుంది. అక్కడి దాకా అనుకున్నాను. పొలం సంగతి అడిగాను, ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను. చివరికి, "తీసేశానత్తా, మొత్తం" అన్నాను.

"తెలుసులే. ఆ పిల్ల మొన్ననే ఫోన్ చేసి చెప్పింది."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నీ మీద కోపం పెట్టుకోవద్దని గంటసేపు బతిమాలింది. నువ్వు తీసేసేటప్పుడు ఏడ్చావంట గదా."

"నేనేం ఏడవలేదు" అన్నాను.

"ఏమో, ఆ పిల్ల చెప్పింది" అంది అత్త.